వీధంతా ‘ఆయ్’ అన్న డిసర్టేషన్

ఈ మధ్య ఒక పెళ్లి భోజనాల్లో మా పాత విద్యార్థిని చెల్లెలు నా పక్కన కూర్చుంది. ఈ ఏడు డిగ్రీ ఆఖరి సంవత్సరమట. పప్పు వడ్డించేలోపే అడిగింది. “మేడం, డిసర్టేషన్‌కి అన్నిటికన్నా సులువైన టాపిక్ ఏదండి?” అడిగి, జవాబు కూడా తనే చెప్పుకుంది. జనం అవుననో కాదనో చెప్పేసే ప్రశ్నలు పెట్టుకుంటే నెల రోజుల్లో అయిపోతుందట. అప్పటికి నా నోట్లో బూరె ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే పంక్తి లేచిపోయినా నా ఉపన్యాసం ఆగేది కాదు. ఆ పిల్లకి అక్కడ చెప్పలేకపోయిన సంగతే ఇది. ఇలాంటి రాతలు రాయబోయే పిల్లలు ఇంకెవరైనా ఉంటే, వాళ్లకీ పనికొస్తుంది.

నేను ప్రభుత్వ ఆరోగ్యశాఖలో నర్సుగా చేరి, కాలువగట్టు ఊళ్లన్నీ తిరిగి, ఉద్యోగం చివరి ఏళ్లలో అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీకి పాఠాలు చెప్పడానికి వెళ్లాను. అక్కడ బీఎస్సీలో పబ్లిక్ హెల్త్ అని కొత్త కోర్సు పెట్టారు. మొదటి బ్యాచి పిల్లలు తరగతిలో మూడు బెంచీలకి సరిపోయేవారు. ఊళ్లో అందరూ “అది డాక్టరు కోర్సా, నర్సు కోర్సా?” అని అడుగుతుంటే ఏం చెప్పాలో వాళ్లకీ తెలిసేది కాదు. ఆఖరి ఏడు ఒక్కొక్కరూ ఒక ఆరోగ్య సమస్య ఎంచుకుని, జనం దగ్గరికి వెళ్లి అడిగి తెలుసుకుని, దాన్ని పుస్తకంగా రాసి బైండు చేయించి, బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు ముందు నిలబడి సమర్థించుకోవాలి. దాన్నే డిసర్టేషన్ అంటారు. పిల్లలు మాత్రం ‘డిసర్టు’ అని ముద్దుగా పిలుచుకునేవారు.

నా కింద రాసిన వాళ్లలో ఒకమ్మాయి ఉండేది. తండ్రి కొబ్బరికాయల కొట్లో పని, తల్లి కువైట్‌లో. ఆ పిల్ల నడక పరుగులా ఉండేది, మాట అంతకంటే వేగం. ఏ ఇంటికి వెళ్లినా గడప దగ్గరే చెప్పులు విడిచి, “ఏం కూరండి ఇవాళ?” అంటూ లోపలికి వెళ్లిపోయేది. గొడుగు మాత్రం ఎక్కడో ఒకచోట మరిచిపోయేది. ఐనవిల్లి వైపు ఒక ఊళ్లో ఒక వీధిని ఆమె తన డిసర్టేషన్‌కి ఎంచుకుంది. నాలుగు వారాలు తిరిగేసరికి ఆ గొడుగు ఆ వీధిలో అన్ని ఇళ్లలోనూ ఒక్కో పూట ఉండి వచ్చింది.

ఆమె టాపిక్ బీపీ మాత్రలు. రక్తపోటు ఉన్నవాళ్లకి ఆసుపత్రిలో నెలనెలా మాత్రలు ఊరికే ఇస్తారు. తీసుకెళ్లినవాళ్లు రోజూ వేసుకుంటున్నారా, లేదా? వాళ్ల తాతగారు మాత్రలు డబ్బాలో ఉండగానే పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. ఆ పిల్ల ఆ ప్రశ్న ఎందుకు పట్టుకుందో నాకు తెలుసు కాబట్టి, ఇంకేదైనా తీసుకోమని చెప్పలేదు.

అంతా అనుకున్న దానికంటే ముందే అయిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములోకి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

“మేడం, మన వీధి బంగారమండి! అందరూ వేసుకుంటున్నారు. ఒక్కరు కూడా మానలేదు.”

“ఒక్కరు కూడానా?”

“ఒక్కరు కూడానండి. ఉప్పు తగ్గించేరా అంటే తగ్గించేమన్నారు. పొద్దున్నే నడుస్తున్నారా అంటే నడుస్తున్నామన్నారు. పచ్చళ్లు మానేసేరా అంటే, ఆయ్, మానేసేమండి అన్నారు.”

పచ్చళ్ల దగ్గర నాకు అనుమానం వచ్చింది. కోనసీమలో ఒక వీధి వీధంతా ఆవకాయ మానేసిందంటే అది పేపర్లో పడాల్సిన వార్త. పట్టికలు చూశాను. అన్నీ ఒకే రంగు. పక్కనే ఆమె ప్రతి ఇంట్లో యంత్రం కట్టి చూసిన బీపీ అంకెలు ఉన్నాయి. అవి చూస్తే మాత్రం వీధిలో సగానికి పైగా జనానికి బీపీ ఏమాత్రం అదుపులో లేదు.

“రోజూ మాత్ర వేసుకుని, నడిచి, ఉప్పు మానేసిన వాళ్లకి ఇంత ఎందుకుంది?” అన్నాను.

ఆ పిల్ల మొహంలో వెలుగు తగ్గింది. “మిషను పాడైందేమోనండి.”

యంత్రం పరీక్షించాలంటే ఎవరో ఒకరి చెయ్యి కావాలి. అప్పుడే మా ప్రిన్సిపాల్‌గారు టీ కోసం అటు వచ్చారు. మనిషి మంచివారు, దేనికీ అడ్డుచెప్పరు, ఏ ఫైలూ తన బల్ల మీద రెండో రోజు ఉండకూడదన్న పట్టుదల మాత్రం ఉంది. చొక్కా చెయ్యి పైకి లాగి యంత్రం కట్టాం. అంకె చూసి ఆయన నవ్వేశారు. “ఇది కచ్చితంగా పాడైందమ్మా. నాకు జన్మలో బీపీ లేదు.” ల్యాబులో ఉన్న పాత పాదరసం యంత్రం తెచ్చి మళ్లీ చూశాను. అదీ అదే చెప్పింది. ఇంకో చేతికి చూశాను. అక్కడా అంతే. ప్రిన్సిపాల్‌గారు టీ తాగకుండానే వెళ్లిపోయారు. ఆ వారమే ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లారని, మాత్రలు మొదలుపెట్టారని తర్వాత తెలిసింది. మా డిసర్టేషన్ వల్ల బాగుపడిన మొదటి రోగి ఆయనే.

యంత్రం బాగానే ఉంది. మరి తేడా ఎక్కడ? మర్నాడు ఇద్దరం ఆటో మాట్లాడుకుని ఆ ఊరు వెళ్లాం.

ఆ వీధికి పెద్దదిక్కు ఒక మామ్మగారు. అలా ఎవరూ ఎన్నుకోలేదు, కానీ ఆవిడ అరుగు మీద కూర్చుంటే వీధి రెండు కొసలూ కనిపిస్తాయి. మేం వెళ్లేసరికి కొబ్బరాకుల్లోంచి చీపురుకి ఈనెలు తీస్తున్నారు. పిల్లని చూడగానే మొహం విప్పారింది.

“వచ్చేవా బంగారం! గొడుగు లోపలుందమ్మా, తలుపు వెనకాల పెట్టేను. రండి మేడంగారూ, కూర్చోండి. బొండాం కొట్టించమంటారా?”

బొండాలు వచ్చాయి, తాగాం. ఆ తర్వాత పిల్ల యంత్రం కట్టింది. అంకె బాగా ఎక్కువే ఉంది. నేను మెల్లగా అడిగాను. “అత్తయ్యగారూ, బిళ్ళ రోజూ వేసుకుంటున్నారాండి?”

“ఆయ్! వేసుకుంటున్నానండి.”

“రోజూ వేసుకుంటే ఇంత ఉండకూడదే మరి.”

ఆవిడ ఒకసారి పిల్ల వైపు చూశారు, ఒకసారి నా వైపు చూశారు. ఈనెల కట్ట పక్కన పెట్టి, “మేడంగారూ, మా పెరట్లో కరివేపాకు మొక్క చూద్దురు గాని, రండి” అన్నారు. నాకు కరివేపాకు మీద ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు. అయినా వెనకాలే వెళ్లాను. నూతి దగ్గరికి వెళ్లాక గొంతు తగ్గించి అడిగారు.

“ఈ పిల్లకి మార్కులేసేది మీరేనాండి?”

“కొన్ని నేను వేస్తానండి. కొన్ని బయటి నుంచి వచ్చేవాళ్లు వేస్తారు.”

“అయితే ఒక మాట చెప్తాను. పిల్లకి మాత్రం తగ్గించకూడదు.”

“తగ్గించనండి. చెప్పండి.”

“బిళ్ళలు రోజూ ఏమీ వేసుకోవట్లేదండి. నేనే కాదు, ఈ వీధిలో ఎవరూ సరిగ్గా వేసుకోరు. మొదటి రోజు పిల్ల కాగితం చదివి వినిపించిందండి, ఇది నా పరీక్ష, మీరు చెప్పే జవాబుల మీదే నా చదువు ఆధారపడి ఉంటది అని. ఎండలో పడి వస్తోంది, తల్లి చూస్తే ఊళ్లో లేదు. మేం కాదు, లేదు అంటే దాని మార్కులు పోవూ? అందుకని అందరం అనుకున్నామండి, ఏమడిగినా ఆయ్ అనేద్దామని. ఎదురింటావిడ మొదట్లో లేదండీ అనబోతే నేనే కళ్లెర్రజేసేను.”

నాకు నవ్వు ఆగలేదు. నూతి గట్టు మీద కూర్చుండిపోయాను. ఆవిడ కంగారుపడి, “ఏంటండి, తప్పు చేసేమా?” అని నీళ్లు తెచ్చిచ్చారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో సర్వేలకి వెళ్లి తలుపులు వేయించుకున్నాను. “మీకెందుకు చెప్పాలి?” అనిపించుకున్నాను. కుక్కలు వెంటపడ్డాయి. కానీ ఒక వీధి వీధంతా కూడబలుక్కుని ప్రేమ కొద్దీ సర్వేని ముంచేయడం అదే మొదలు, అదే ఆఖరు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో పిల్లకి చెప్పాను. ముందు నవ్వింది. ముక్తేశ్వరం దాటాక ఏడ్చింది.

ఏడవడానికి కారణం ఉంది. ఆమెకి కాకినాడలో ఒక ఆరోగ్య సంస్థలో ఉద్యోగం ఖాయమైంది. కోర్సు పూర్తయినట్టు కాగితం చూపిస్తేనే చేర్చుకుంటారు. డిసర్టేషన్ గడువులోగా ఇవ్వకపోతే వచ్చే ఏడాది పిల్లలతో కలిసి మళ్లీ రాయాలి. అంటే ఆ ఉద్యోగం ఇంకొకరిది. ఉన్న పట్టికలు ఇచ్చేస్తే మాత్రం అందరికంటే ముందు ఆమెదే పూర్తవుతుంది.

ప్రిన్సిపాల్‌గారు కూడా ఆ మాటే అన్నారు. “జనం చెప్పారు, అమ్మాయి రాసింది. ఇందులో ఎవరి తప్పూ లేదు కదమ్మా. ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయండి.” ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు, అదే అసలు చిక్కు. ఇచ్చేసినా ఎవరూ పట్టుకోరు. నేను అమ్మాయితో ఒకటే అన్నాను. “అట్ట మీద ఉండేది నీ పేరు. ఏం చేయాలో రేపు చెప్పు. ఏం చెప్పినా నేను సంతకం పెడతాను.” సంతకం పెడతానన్నాను గాని, చెయ్యి వస్తుందో రాదో నాకే తెలియదు.

మర్నాడు క్లాసు మొదలవకముందే వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

“మేడం, మళ్లీ అడుగుతానండి.”

“గడువు?”

“చూద్దామండి. రేపు కాకినాడలో ఎవరైనా, మీ వైపు జనం మాత్రలు బాగా వేసుకుంటారటగా, మీ పుస్తకంలో చూసేం, అక్కడ ఖర్చు దండగ అంటే నేనేం చెప్పనండి? మామ్మగారు నాకోసం ఆయ్ అన్నారని చెప్పనా?”

ప్రశ్నలు మళ్లీ అడగాలంటే కాలేజీ కమిటీ ఒప్పుకోవాలి. ఆ కాగితం నేను ప్రిన్సిపాల్‌గారి బల్ల మీద పెట్టాను. ఆయన అలవాటు ప్రకారం సాయంత్రానికల్లా అది సంతకంతో తిరిగొచ్చింది.

ఆదివారం సాయంత్రం వీధి వాళ్లందరినీ మామ్మగారి అరుగు దగ్గర కూర్చోబెట్టి పిల్ల వివరంగా చెప్పింది. మీరు ఏం చెప్పినా నా మార్కులు మారవు, నిజం చెబితే చాలు, నాకు నిజమే కావాలి అని బతిమాలింది. అందరూ తలలు ఊపారు. “అయ్యో, ముందే చెప్పొచ్చు కదమ్మా” అన్నారు. ఆ వారమంతా మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి నేను కూడా రెండిళ్లకి తోడు వెళ్లాను. వాటిలో ఒకటి కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే ఆయనది.

“బిళ్ళలాండి? అస్సలు ముట్టుకోనండి!” అన్నాడాయన గర్వంగా.

“అస్సలు?” అంది పిల్ల.

“ఒట్టండి. అసలు డబ్బా ఎక్కడుందో కూడా తెలీదు.”

యంత్రం కట్టి చూస్తే ఆయన బీపీ అద్దంలా ఉంది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకునేలోపే వంటింట్లోంచి ఆయన భార్య గరిటెతో సహా వచ్చింది.

“ఏంటయ్యా ఆ అబద్ధం? పొద్దున్న నా చేత్తో ఇచ్చేను కదా బిళ్ళ! గ్లాసు కూడా నేనే పట్టుకున్నాను!”

“నువ్వుండవే! నిజాలు కావాలంటోంది పిల్ల. పక్కింటాయన చూస్తే తను నెలకోసారి కూడా వేసుకోనని చెప్పేడంట. మనం వేసుకుంటున్నామని చెప్తే ఏం బాగుంటది?”

ఆ వారం ముగిసేసరికి పట్టికలు మళ్లీ ఒకే రంగులోకి వచ్చాయి. రంగు మాత్రం మారింది. మొదటిసారి వీధంతా ‘ఆయ్’ అంది, రెండోసారి వీధంతా ‘లేదండి’ అంది. నిజం కావాలన్నాం కాబట్టి, చేదుగా ఉన్నదే నిజమని వాళ్లు తీర్మానించుకున్నారు. పిల్ల ఈసారి ఏడవలేదు. లాప్‌టాప్ మూసి, “మేడం, వీళ్లు నన్ను పాస్ చేయించకుండా వదలరండి” అంది.

నిజం చెప్పాలంటే ఆ దశలో నా దగ్గర కూడా ఉపాయం ఏమీ లేదు. పుస్తకాల్లో ఉన్న పద్ధతులు రెండు మూడు చెప్పాను. వాటిలో ఏదీ ఆ వీధి మర్యాద ముందు నిలబడేది కాదని నాకే అనిపించింది.

దారి దొరకడం మాత్రం విచిత్రంగా జరిగింది. ఇంకో రెండు రోజులు పోయాక గొడుగు తెచ్చుకోవడానికని మళ్లీ వెళ్లాం. పిల్ల ఆ రోజు కాగితాలు తేలేదు, యంత్రమూ తేలేదు. మామ్మగారి పక్కన కూర్చుని తనూ ఒక చాకు తీసుకుని ఈనెలు తీస్తోంది. మామ్మగారు మాటల్లో పడ్డారు. రేపు చెల్లెల్ని చూడ్డానికి రాజోలు వెళ్లాలట, బస్సులో ఎంతసేపు కూర్చోవాలో అని దిగులట.

“ఆ బిళ్ళ వేసుకుంటే మాటిమాటికీ ఒంటికి లేవాలి కదే. బస్సులో ఎక్కడికి లేస్తాను? అందుకని ఊరెళ్లేటప్పుడు మానేస్తాను. శనివారం ఎలాగూ ఒక్కపొద్దు, ఖాళీ కడుపుతో వేసుకోకూడదన్నారు కదా అని ఆ రోజూ ఉండదు. మిగతా రోజులు వేసుకుంటూనే ఉంటాను, పాపం చెప్పకూడదు.”

పిల్ల చేతిలో చాకు ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను మాట్లాడొద్దని కళ్లతోనే సైగ చేశాను.

“మరి ఎదురింటి పిన్నిగారు ఎలా చేస్తారండి మామ్మగారూ?” అంది, ఏదో మాటవరసకి అడిగినట్టు.

“అదా? నాట్లకి వెళ్తే చేలో ఎక్కడికి వెళ్తుందే, చెట్టా చాటా? నాట్లన్నాళ్లూ మానేసి, అవ్వగానే మొదలెడుతుంది.”

“ఆవిడనే అడుగుతాలెండి” అని పిల్ల నవ్వింది. ఒకరి సంగతి ఇంకొకరి నోట విని రాసుకోకూడదని నేను క్లాసులో చెప్పింది గుర్తుంచుకున్నందుకు సంతోషించాను.

ఆటో ఎక్కగానే అంది. “మేడం, మనం అడిగిందే తప్పండి. వేసుకుంటారా, వేసుకోరా అంటే మంచివాళ్లా, చెడ్డవాళ్లా అని అడిగినట్టు ఉంది. రోజు ఎలా గడుస్తుందని అడగాలండి. బిళ్ళ సంగతి దానంతట అదే వస్తుంది.”

అప్పటినుంచి ఆమె ప్రశ్నలు మారిపోయాయి. నిన్న పొద్దున్న లేచింది మొదలు ఏం చేశారు, ఎక్కడికి వెళ్లారు, ఏం తిన్నారు, పనిలో మధ్యలో లేవడానికి వీలుంటుందా? జనం తమ రోజు గురించి చెప్పమంటే ఎంత ఇష్టంగా చెబుతారో నేను అప్పుడే చూశాను. అడిగేవాళ్లు లేక గాని, ఎవరి రోజు వాళ్లకి పెద్ద కథ. చెట్లెక్కే ఆయన దగ్గర కూడా అసలు సంగతి అలాగే బయటపడింది. దింపు లేని రోజున భార్య ఇచ్చిన బిళ్ళ బుద్ధిగా వేసుకుంటాడు. దింపు ఉన్న రోజున మాత్రం చెట్టు మీద కళ్లు తిరుగుతాయేమోనన్న భయంతో నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని పెరట్లో ఉమ్మేస్తాడు. అది విని ఆయన భార్య గరిటె కింద పెట్టేసింది. “అదేదో నాతో చెప్పొచ్చు కదా, డాక్టరుగారిని అడిగేవాళ్లం” అంది. ఆ తర్వాత మొగుడూ పెళ్లాలు కలిసే ఆసుపత్రికి వెళ్లారు. అక్కడి డాక్టరుగారు ఆయన మందు మార్చి, వేసుకోవాల్సిన వేళ కూడా మార్చారు. మిగతావాళ్లని కూడా ఒక్కొక్కరినే పిలిపించి, ఎవరి పనిని బట్టి వాళ్లకి వేళలు సర్దారు. తెలియక మానేసినవాళ్లు ఆ వీధిలో దాదాపు లేరు. మాత్రకి, వాళ్ల పనికి పొత్తు కుదరక మానేసినవాళ్లే అంతా. ఆ పిల్ల డిసర్టేషన్‌లో తేలింది అదే.

గడువు ముంచుకొచ్చింది కాబట్టి వీధిలో సగం ఇళ్లే కొత్త పద్ధతిలో అడగగలిగింది. ఆ మాటా రాసింది. అంతటితో ఆగకుండా, మొదటి రెండుసార్లూ సర్వే ఎలా పాడైందో ఒక అధ్యాయమే రాసింది. ప్రిన్సిపాల్‌గారు అది చదివి తల పట్టుకున్నారు. “మన తప్పు మనమే బైండు చేయించి ఇవ్వడం ఎందుకమ్మా? మొదటి బ్యాచి. బయటివాళ్లు చూస్తే కోర్సు మీదే మచ్చ.” పిల్ల వినయంగా, “ఆ అధ్యాయం తీసేస్తే మూడోది నేనెందుకు చేసేనో తెలీదండి” అంది. ఆయన నావైపు చూశారు. నేను కిటికీలోంచి చూశాను.

వైవా రోజు రానే వచ్చింది. ఎగ్జామినరుగా వచ్చినావిడ పేరు వింటేనే మా తోటి లెక్చరర్లు గొంతు సవరించుకునేవారు. పక్క జిల్లా నుంచి బస్సులో రావాలి. రావులపాలెం దగ్గర అరటి గెలల లారీల మధ్య బస్సు ఇరుక్కుపోయి చాలా ఆలస్యమైంది. మొహం కందగడ్డలా చేసుకుని దిగారు. టిఫిను తినమంటే, ముందు పని కానివ్వండి అన్నారు. మొదట వెళ్లిన ఇద్దరు పిల్లలూ బయటికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోయారు. మూడోది మా పిల్ల.

గైడుని కాబట్టి నేను లోపలే ఒక మూల కూర్చున్నాను. ఎగ్జామినరు పుస్తకం తెరిచి, నేరుగా ఆ అధ్యాయం దగ్గరే వేలు పెట్టారు.

“సర్వే రెండుసార్లు పాడైందని నీకు నువ్వే రాసుకున్నావు. ఎవరు రాయమన్నారు?”

“ఎవరూ రాయమనలేదండి. జరిగింది కాబట్టి రాసేనండి.”

“అంటే ఆ ఊరివాళ్లు అబద్ధాలకోర్లంటావు.”

“కాదండి. వాళ్లు అబద్ధం అనుకోలేదండి, నాకు సాయం అనుకున్నారండి.”

“మామూలుగా అడిగితే చెప్పనివాళ్లు, నువ్వు మాటల్లో పెట్టి అడిగితే చెప్పేశారా? నమ్మమంటావా?” ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “సరే. నాకూ బీపీ ఉంది. నన్ను అడుగు. ముందు నీ పాత ప్రశ్న.”

ప్రిన్సిపాల్‌గారు కుర్చీలో కదిలారు. పిల్ల మాత్రం గొంతు సర్దుకుని అడిగింది. “మీరు బీపీ మాత్రలు రోజూ క్రమం తప్పకుండా వేసుకుంటున్నారాండి?”

“వేసుకుంటున్నాను. ఇప్పుడు నీ కొత్త ప్రశ్న.”

పిల్ల కాగితాలు మూసి పక్కన పెట్టింది. “ఇవాళ ఇంటి దగ్గర ఎన్నింటికి బయల్దేరేరండి?”

“తెల్లారకముందే. మొదటి బస్సు.”

“అయ్యో. వంటా అదీ చేసుకునే వచ్చేరాండి?”

“చేసిపెట్టే వచ్చాను. ఇంట్లో వాళ్లకి క్యారేజీలు కట్టాలిగా.”

“మరి మీరేం తిన్నారండి?”

“నేనా? దిగాక తిందామనుకున్నాను. ఆ లారీల వల్ల కుదరలేదు.”

“దారిలో మంచినీళ్లవీ తాగేరాండి?”

“ప్రయాణంలో నేను నీళ్లు ముట్టనమ్మా. ఆడవాళ్లం, మధ్యలో ఎక్కడ దిగుతాం? అందుకే బస్సెక్కే రోజు...”

ఆవిడ అక్కడ ఆగిపోయారు. పిల్ల తర్వాతి ప్రశ్న వేయలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. ఎగ్జామినరు హ్యాండుబ్యాగు తన వైపు లాక్కుని, జిప్పు తీసి, లోపలి నుంచి మాత్రల షీటు తీసి చూసుకున్నారు.

“వేసుకోలేదమ్మాయ్,” అన్నారు మెల్లగా. ఆ తర్వాత ఆవిడ నవ్విన నవ్వు బయట గోడకి ఆనుకున్న పిల్లలకి కూడా వినిపించిందట.

ప్రిన్సిపాల్‌గారు గబగబా లేచి ఇడ్లీ తెమ్మని మనిషిని పంపించారు. ఇడ్లీ వచ్చింది, ఆవిడ తిన్నారు, మా అందరి ముందూ మాత్ర వేసుకున్నారు. ప్రిన్సిపాల్‌గారు తన జేబులోంచి తన మాత్రలు కూడా తీసి చూపించారు. ఆ తర్వాత పిల్లని అడిగిన ప్రశ్నలు గట్టివే. సగం ఇళ్లతో అంత మాట ఎలా అంటావు, ఆడవాళ్ల సంగతి ఎక్కువ, మగవాళ్లది తక్కువ రాశావేం అని గుచ్చి గుచ్చి అడిగారు. తెలిసినవాటికి చెప్పింది, తెలియనివాటికి తెలియదంది.

ఆమె ఇప్పుడు కాకినాడలోనే పనిచేస్తోంది. అప్పుడప్పుడు ఫోను చేసి, కొత్తగా చేరినవాళ్లకి ప్రశ్నలు అడగడం నేర్పిస్తున్నానని చెబుతుంది. వాళ్లకి మొదట ఏం నేర్పిస్తావంటే, కాగితాలు మూయడం అంటుంది. నేను రిటైరయ్యాక కూడా ఆ కోర్సు ఇంకా నడుస్తోంది. బెంచీలు కూడా పెరిగాయట.

పిల్లలూ, మీకు టాపిక్ చెప్పమంటే నేను చెప్పలేను. సులువైన టాపిక్ ఉంటుందని కూడా నేను నమ్మను. మీరు అడిగినదానికి అందరూ ఒకే జవాబు చెబుతుంటే మాత్రం సంతోషించకండి, ఇంకోసారి వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. ఇంతకుమించి నా దగ్గర ఉపదేశం లేదు.

వైవా రోజు సాయంత్రం జరిగింది ఒకటి చెప్పి ముగిస్తాను. మార్కులు తెలిశాక మెట్ల మీద కూర్చుని పిల్ల మామ్మగారికి ఫోను చేసింది. నాకూ వినపడాలని స్పీకరు పెట్టింది. అవతల మామ్మగారు ఒక్కరే లేరు, అరుగు మొత్తం ఉంది. చెట్లెక్కే ఆయన గొంతు కూడా వినిపిస్తోంది.

“పాసేనా?” అన్నారు మామ్మగారు.

“పాసేనండి మామ్మగారూ! క్లాసులో రెండోదాన్నండి!”

అవతల కాసేపు గుసగుసలు. తర్వాత మామ్మగారి గొంతు కొంచెం గట్టిగా వచ్చింది.

“మరి మొదటిదెవరే?”

“మా ఫ్రెండేనండి. తను దోమల మీద రాసిందండి, అంబాజీపేట వైపు.”

మళ్లీ గుసగుసలు. ఈసారి ఎక్కువసేపు సాగాయి.

“ఇంతకీ ఆ అంబాజీపేటోళ్లు,” అన్నారు మామ్మగారు నిష్ఠూరంగా, “మాకన్నా ఎక్కువ నిజాలు చెప్పేరేంటి?”